అత్తగారి వెనక వరుస

నమాల్వ తన పీట తనే తెచ్చుకుంది. కూతురి ఇంటి గుమ్మానికి సరిగ్గా అడ్డంగా వేసుకుని, వీపు ఇంటివైపు, ముఖం తేయాకు తోటవైపు పెట్టి, ఇప్పట్లో లేచే ఉద్దేశం లేనట్టు భుజాల మీది గుడ్డ బిగించి కూర్చుంది.

లోపల ఆవిడ అల్లుడు సితుమా ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని మంచం మీద బిగుసుకుపోయాడు. ఆ ఇంటికి ఉన్నది ఒకటే తలుపు. కిటికీ ఉంది గానీ, తోటవాళ్ళు కట్టించిన లైను ఇళ్ళ కిటికీల్లోంచి పిల్లి దూరితే గొప్ప. బయట ఇంకా మంచు విడలేదు. కాసేపట్లో హాజరు గంట కొడతారు. కూలీలకంటే ముందు వెళ్ళి నిలబడాల్సిన మేస్త్రీ ఇక్కడ అత్తగారి వీపు వెనక ఖైదీ అయి కూర్చున్నాడు.

వాళ్ళ తెగ ఆచారంలో అల్లుడు అత్త ముఖంలోకి చూడకూడదు. పేరు పలకకూడదు. చెయ్యి కలపకూడదు, ఆవిడ కూర్చున్న చోట కూర్చోకూడదు, పక్కనుంచి రాసుకుంటూ పోకూడదు. దారిలో ఎదురైతే ఎవరో ఒకరు పొదల్లోకి తప్పుకోవాలి. ఈ కట్టు తప్పితే పెద్దల ముందు గొర్రెని కోసి దోషం పోగొట్టుకోవాలి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు. అందుకే కాబోలు, ఒకరంటే ఒకరికి మహా గౌరవం. ఆ గౌరవాన్నంతా అటూ ఇటూ మోసే పని మాత్రం మధ్యలో ఉన్న నలియాకది.

"నలియాకా," అంది నమాల్వ తోటవైపు చూస్తూనే. "నిన్న నువ్వు మా ఇంటికొచ్చి ఒక మాట చెప్పిపోయావే, అదెవరి మాట? నీదా, ఆయనదా?"

"ముందు టీ తాగమ్మా."

"టీ మా ఇంట్లో తాగే వచ్చా. మాట ఎవరిదని అడిగా."

నలియాక లోపలికి చూసింది. వద్దు, నా పేరు చెప్పకు అన్నట్టు సితుమా బూటు పట్టుకున్న చేతిని గాలిలో ఊపాడు.

"ఆయనదే," అంది నలియాక.

"అయితే ఆయనకే చెప్పు. నా చేతులింకా పడిపోలేదని చెప్పు."

చెప్పక్కర్లేదు. మంచానికీ గుమ్మానికీ మధ్య దూరమెంతని, సితుమాకి అంతా వినబడుతూనే ఉంది. అయినా నలియాక ఇటు తిరిగింది. పద్ధతి పద్ధతే.

"చేతులు పడిపోలేదట."

"చేతుల మాట నేనెప్పుడన్నాను?" సితుమా గొంతు తగ్గించాడు గానీ, అది బయటికి వినబడేంత తగ్గింపే. "ఇన్నేళ్ళు మోసింది చాలు, ఇక బుట్ట దించి హాయిగా కూర్చోమన్నాను. నాకిప్పుడు నెలజీతం. వాన కురిసినా ఎండ కాసినా అదే డబ్బు. అత్తకింత పిండి నేను పంపలేనా అని అడుగు."

"పిండి పంపిస్తాడటమ్మా."

"విన్నాలే. నువ్వు పుట్టకముందు నుంచీ నా పిండి నేనే కొనుక్కుంటున్నా. అల్లుడి పిండి తింటూ కూర్చున్న ఆడది మన ఊళ్ళో ఎవరైనా ఉందేమో అడుగు. ఉంటే పేరు చెప్పమను."

నలియాక మొగుడి వైపు తిరిగింది. "ఉందా?"

సితుమా చాలాసేపు ఆలోచించాడు. "లేదని చెప్పు," అన్నాడు నీరసంగా.

నలియాకకి నవ్వొచ్చింది. నవ్వితే ఇద్దరికీ కోపం వస్తుందని పొయ్యి ముందు వంగి టీ గిన్నె దించింది. మంచం మీద పిల్ల ఖలాయి ఇవేమీ పట్టకుండా నిద్రపోతోంది.

అసలు తగువు పిండి గురించి కాదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

కొండ అవతలి తోటలోకి ఆకు కోసే యంత్రాలొచ్చాయి. అక్కడి ముఠాలు సగానికి సగం అయిపోయి, మిగిలినవాళ్ళని తెచ్చి ఇక్కడి వాళ్ళతో కలిపారు. ఆ కలిపిన ముఠాకి కొత్త మేస్త్రీ సితుమా. పచ్చకోటు ఇచ్చారు, మూడు నెలలు చూసి ఖాయం చేస్తామన్నారు. కోటు ఇంటికొచ్చిన రోజు లైను లైనంతా వచ్చి దాన్ని తడిమి చూసింది. ఆ ముఠాలో తన అత్త కూడా ఉందని సితుమాకి మర్నాడు హాజరులో గానీ తెలియలేదు. వరసగా పేర్లు పిలుస్తూ పిలుస్తూ ఆవిడ పేరు దగ్గరికి వచ్చి, దగ్గాడు. అప్పట్నుంచీ నమాల్వ హాజరు దగ్గుతోనే పడుతోంది.

దగ్గుతో పోయేదైతే బాగానే ఉండేది. తూకం దగ్గర మేస్త్రీ ప్రతి బుట్టనీ గోనెపట్టా మీద కుమ్మరించి చూడాలి. ముదురాకూ పుల్లలూ ఏరి అవతల పారేస్తే, మిగిలిన లేతాకే కాటా మీదికి వెళ్ళాలి. కోసినంతకే కూలి కాబట్టి బరువు కోసం కాస్త ముదురు కలపడం అందరూ చేసేదే, దొరికితే తిట్లు తినడం కూడా మామూలే. కానీ నమాల్వ బుట్ట వచ్చేసరికి సితుమా మర్యాదగా వెనక్కి తిరిగి కొండల్ని చూసేవాడు. ఆవిడ కాటా దాటి దూరంగా వెళ్ళిపోయిందని నమ్మకం కుదిరేదాకా ఇటు తిరిగేవాడు కాదు. ఈలోపు వెనకున్న నలుగురైదుగురి బుట్టలు చల్లగా దాటిపోయేవి.

ముఠాలో ఆడవాళ్ళకి ఇది కనిపెట్టడానికి ఒక్క పూట చాలింది. అప్పట్నుంచి వరుసలో నమాల్వ వెనక చోటు కోసం జుట్లు పట్టుకునేదాకా వచ్చింది వ్యవహారం. నిన్న ఆ ముఠా ఆకుని ఫ్యాక్టరీవాళ్ళు ట్రాక్టరుతో సహా వెనక్కి పంపేశారు.

"ఇవాళ తూకం దగ్గరికి ఆఫీసరమ్మే వస్తోందటమ్మా," అంది నలియాక. ఈసారి మొగుడి మాట కాదు, తన మాటే. "ఇంకోసారి ఆకు వెనక్కొస్తే ఈయన కోటు తీసేసుకుంటుందట."

"వేరే ముఠా అడగమను."

"అడిగితే, ఇది నా వల్ల కాదన్నట్టేగా? ఇంకా ఖాయం కూడా కాలేదు. నువ్వే వేరే ముఠాకి మారొచ్చుగా?"

నమాల్వ వీపు కొంచెం బిగిసింది. "ఆ చెట్లు నా చేతికి అలవాటు పడ్డాయి. మీ నాన్న పోయిన ఏడు నీకూ నాకూ తిండి పెట్టింది అవే. నిన్న గాక మొన్నొచ్చిన కోటు కోసం నేను కదలాలా?"

"పోనీ ఒక్క ఇవాళ్టికి ముదురాకు కొయ్యకు."

"చెట్టు ఇచ్చింది కోస్తా. వానల్లేక చెట్టే మొండికేస్తే నేనేం చెయ్యను? ముదురు కనిపిస్తే ఏరి పారెయ్యమను. నేను వద్దన్నానా? ఇన్నాళ్ళూ నా బుట్టలోకి చూడనిది ఎవరు?"

 నలియాక టీ గిన్నె మీద మూత పెట్టింది.

గంట కొట్టారు.

నమాల్వ నెమ్మదిగా లేచింది. పీట చంకలో పెట్టుకుని, గుడ్డ తల మీదికి లాక్కుని, ముఖం గోడవైపు తిప్పుకుని నిలబడింది. సితుమా కోటు ఒక చేత్తో, బూటు ఒక చేత్తో పట్టుకుని, తల వంచుకుని ఆవిడ పక్కనుంచి బాణంలా దూసుకుపోయాడు.

కాస్త దూరం వెళ్ళాక ఆగి, బూటు తొడుక్కుంటూ, పిల్లని పక్కింట్లో అప్పజెప్పి వెనకే వచ్చిన పెళ్ళాంతో అన్నాడు: "చూశావా, అంత కోపంలోనూ దారిచ్చింది. ఆవిడకి నేనంటే ఎంత మర్యాదో."

*

సాళ్ళ మధ్య నలియాక చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. రెండాకులూ ఒక మొగ్గ, రెండాకులూ ఒక మొగ్గ. ముఠాలో అందరికంటే ముందు నిండేది ఆమె బుట్టే. వానల నెలల్లో ఆమె కూలి మేస్త్రీ జీతాన్ని దాటేస్తుంది కూడా. ఎండలు ముదిరాయా, ఆ బుట్టే సగానికి నిండదు. అప్పుడు ఉప్పు కొనాలా సబ్బు కొనాలా అని ఆలోచించాలి.

ఈ తోటలో బుట్ట పట్టిన ఆడదానికి ఆ తరవాత ఇంకో మెట్టు లేదు. బుట్టతో మొదలుపెట్టి నడుం నొప్పితో ముగిస్తారు. వాళ్ళమ్మని చూస్తే చాలు. ఒకప్పుడు నమాల్వ కోత చూడ్డానికి పక్క ముఠాలవాళ్ళు వచ్చేవారట. ఆ చేతులే ఇప్పుడు బరువు కోసం ముదురాకు కలుపుకుంటున్నాయి. 

అందుకే ఆమెకి కోటు మీద అంత ఆశ. ఖాయమైన మేస్త్రీకి చెరువు గట్టు మీద ఇల్లిస్తారు. రెండు గదులు, విడిగా వంటిల్లు. అన్నిటికన్నా ముఖ్యం, ముందొక తలుపూ వెనకొక తలుపూ. ఒక తలుపులోంచి అమ్మ వస్తే రెండో తలుపులోంచి ఆయన పోవచ్చు. అమ్మ ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి కూర్చోవచ్చు. ఆ రెండో తలుపు పక్కన ఏం మొక్క పెట్టాలో కూడా నలియాక ఎప్పుడో నిర్ణయించుకుంది.

"ఏమే మేస్త్రీ పెళ్ళామా," పక్క సాళ్ళోంచి కెమూంతో పిలిచింది. కొండ అవతలి ముఠా నుంచి వచ్చిన కిసీ తెగ మనిషి, నోరు ఊరుకోదు. "ఇవాళ మీ అమ్మ వెనక చోటు నాది. ముందే చెప్తున్నా."

"ఇవాళ ఆఫీసరమ్మ వస్తోంది. తెలుసా?"

"వస్తే? మీ ఆయన కొండల్ని చూడ్డం మానేస్తాడా? అంత మర్యాద తెలిసిన అల్లుడు మా వైపు ఒక్కడుంటే మేమంతా ఈపాటికి మిద్దెలు కట్టేవాళ్ళం."

చుట్టుపక్కల సాళ్ళన్నీ నవ్వాయి. నాలుగు సాళ్ళ అవతల నమాల్వ మాత్రం నవ్వలేదు. ఆవిడ చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

*

తూకం పాక దగ్గర ఆఫీసరు చెరోనో చేతులు కట్టుకుని నిలబడింది. చిన్న వయసు, పెద్ద బూట్లు, తక్కువ మాటలు. కాటా దగ్గర గుమాస్తా, పట్టా దగ్గర సితుమా. సితుమా కోటు గుండీలన్నీ గడ్డం దాకా పెట్టుకుని, ఉక్కపోతకి చెమటలు కక్కుతున్నాడు.

మొదటి బుట్టలన్నీ బాగానే నడిచాయి. సితుమాకి ఆకు తెలుసు. కుమ్మరించీ కుమ్మరించకముందే ముదురు ఎక్కడుందో అతని చెయ్యి అక్కడికే వెళ్ళేది. "ఇదేంటి, మేకకి తెచ్చావా?" అని ఒకామెని, "పుల్లలు మీ పొయ్యిలో పెట్టుకో తల్లీ, మా కాటాలో కాదు," అని ఇంకొకామెని ఆటపట్టిస్తూ చకచకా ఏరేస్తున్నాడు. చెరోనో తల ఆడించింది. నలియాకకి ప్రాణం లేచొచ్చింది.

తరవాతి మనిషి వచ్చింది. సితుమా దగ్గాడు.

నమాల్వ బుట్ట పట్టా అంచున పెట్టింది. వెనక ఉన్నవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ దగ్గరికి జరిగారు. అందరికంటే ముందు కెమూంతో. సితుమా మెడ దానంతటదే అటు తిరగబోయి, ఆఫీసరు కళ్ళు తగిలి మధ్యలో ఆగింది. అటు కొండలు, ఇటు అత్తగారి బుట్ట. పాపం ఆ మనిషి రెండిటికీ మధ్య గాలిలోకి చూస్తూ నిలబడిపోయాడు.

"మేస్త్రీ," అంది చెరోనో. "బుట్ట."

సితుమా మళ్ళీ దగ్గాడు.

"ఒంట్లో బాలేదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. సితుమా చెవులు ఎర్రబడి ఉంటాయి గానీ అతని నల్లటి ఒంటిరంగులో తెలియదు. చెరోనో చేతులు విప్పింది. ఆవిడ చూపు కోటు మీదికి వెళ్ళడం నలియాక చూసింది. రెండు తలుపుల ఇల్లు రెండు తలుపులూ మూసుకుంటున్నట్టు అనిపించింది.

ఆ తరవాత తను ఏం ఆలోచించిందో నలియాకకి గుర్తులేదు. వరుసలోంచి బయటికొచ్చింది. తన బుట్ట దించి పక్కన పెట్టింది. తల్లి బుట్ట పట్టుకుని పట్టా మీద బోర్లించింది.

లేతాకు పైన ఉంది. కింద ఉంది ముదురంతా. నలియాక మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులా ఏరి అవతలికి విసిరేసింది. ఏరుతున్నంతసేపూ తల ఎత్తలేదు. ఎత్తితే అమ్మ పాదాలు కనిపిస్తాయి, ఇంకాస్త ఎత్తితే ముఖం కనిపిస్తుంది. చివరికి లేచి నిలబడి, హాజరులో పిలిచినట్టు గట్టిగా అంది:

"నమాల్వ. ముదురాకు తీసేశాను. మిగిలింది కాటాకి."

కన్నతల్లిని పేరు పెట్టి పిలిచింది.  కెమూంతో కూడా నోరు మూసుకుంది.

నమాల్వ పట్టా వైపు చూసింది. అవతల పడ్డ కుప్ప వైపు చూసింది. ఆవిడ ముఖంలో ఏముందో చెప్పడం కష్టం.

"అదిగో, ఆ పుల్ల వదిలేశావు," అంది చివరికి. "కుడి పక్క."

నలియాక వంగి ఆ పుల్ల తీసి పారేసింది. నమాల్వ తన ఆకు తను ఎత్తుకుని, కాటా మీద పెట్టించి, వెనక్కి చూడకుండా పాక పక్కకి వెళ్ళి నీళ్ళ పీపా దగ్గర నిలబడింది. బుట్ట తేలికైంది, ఇవాళ్టి కూలీ తేలికైంది. నలియాకకి ఏడుపూ వస్తోంది, అదేమిటో గుండె నిబ్బరంగానూ ఉంది.

"తరవాత," అంది.

తరవాత ఎవరూ లేరు. నమాల్వ వెనక నిలబడ్డ బలగమంతా ఎప్పుడు జారుకుందో, గడ్డిలో చతికిలబడి ఎవరి బుట్ట వాళ్ళు హడావిడిగా ఏరుకుంటున్నారు.

"కన్నతల్లినే వదల్లేదు, మనల్నొదుల్తుందా," అంటోంది కెమూంతో, పుల్లలు దోసిళ్ళతో పారబోస్తూ. "నడుం పడిపోయేలా కోసింది మేకల పాలైంది చూడండే."

*

ట్రాక్టరు ఫ్యాక్టరీకి వెళ్ళింది, ఖాళీగా తిరిగొచ్చింది. ఆకు తీసుకున్నారు. సితుమా ట్రాక్టరుకి ఎదురెళ్ళి డ్రైవరు చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

అదే సమయంలో పాక వెనక చెరోనో నలియాకని ఆపింది.

"ఈ ముఠాకి మేస్త్రీ ఎవరు?"

"మా ఆయనండీ."

"నేను చూసింది అది కాదు." ఆవిడ గొంతులో కోపం లేదు. "అతనికి ఆకు తెలుసు. మంచివాడు. కానీ ఈ ముఠాలో అతను నోరు తెరవలేని మనిషి ఒకరున్నారు. ఆ ఒక్కరి వెనక మిగతా అందరూ దాక్కుంటారు. నీకా ఇబ్బంది లేదు."

నలియాకకి అర్థమైంది. అర్థం కానట్టు నిలబడింది.

"కోటు నీకిస్తా. అదే జీతం, అదే ఇల్లు, ఖాయం చేసే గడువూ అదే. అతన్ని కావాలంటే కొండ అవతల యంత్రం నేర్చుకోడానికి పంపిస్తా. నేర్చుకుంటే ఇంకా పైకి పోతాడు. ఇష్టం లేదంటే బుట్ట ఉండనే ఉంది. రేపు హాజరుకి ముందు చెప్పు."

"ఇంట్లో అడిగి చెప్తానండీ."

"అడుగు. కానీ చెప్పేది నువ్వే చెప్పు. ఎవరి చేతా చెప్పించకు."

చెరోనో వెళ్ళిపోయింది. నలియాక అక్కడే నిలబడింది. తనకి ముందుగా కలిగింది సంతోషం. మొగుడు గుర్తుకు రాకముందే, భయం వెయ్యకముందే, సుబ్బరంగా, సిగ్గు లేకుండా సంతోషం. ఆ తరవాతే సితుమా గుర్తొచ్చాడు, చెమటలు కక్కుతూ గుండీలన్నీ పెట్టుకున్న కోటుతో.

తల తిప్పితే నీళ్ళ పీపా దగ్గర నమాల్వ చేతులు కడుక్కుంటోంది. కడిగిన చేతులే మళ్ళీ కడుగుతోంది.

*

పొద్దు వాలేసరికి ఇంట్లో కోడి ఉడుకుతోంది. సితుమా కొనుక్కొచ్చాడు. కోసిందీ, ఈకలు పీకిందీ కూడా అతనే. లైనులో పోయేవాళ్ళందరినీ పిలిచి మరీ, ఆకు తీసుకున్నారని చెప్పాడు. కోటు మేకుకి తగిలించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసి, మళ్ళీ వెళ్ళి భుజం దగ్గర ముడత సరిచేశాడు.

"ఇవాళ నువ్వు లేకపోతే నా పని అయిపోయేది," అన్నాడు పళ్ళెం ముందు కూర్చుంటూ. "ఇక రోజూ అంతే. అత్త బుట్ట వచ్చినప్పుడు నువ్వు చూడు, మిగతావి నేను చూస్తా. ఆఫీసరమ్మ నిన్ను పిలిచిందట కదా, ఏమంది? నన్ను మెచ్చుకుందా?"

నలియాక మొక్కజొన్న పిండితో వండిన ఉగాలి ముద్ద వడ్డిస్తోంది. జవాబు చెప్పేలోగా గుమ్మంలో పీట పడ్డ చప్పుడైంది. నమాల్వ వచ్చింది. వీపు ఇంటివైపు, ముఖం తోటవైపు.

"అమ్మా, నా మీద కోపమా?"

"కోపం రేపు చూసుకుందాం. ముందు అల్లుడడిగినదానికి చెప్పు."

సితుమా కోడి కందనకాయ చేత్తో పట్టుకున్నాడు. అది ఇంటి మగవాడిది, ఇవాళ మరీ హక్కుగా అతనిది. "అవును, చెప్పు," అన్నాడు.

"మెచ్చుకుంది," అంది నలియాక. "నీకు ఆకు తెలుసంది. మంచివాడివంది."

సితుమా ముఖం వెలిగిపోయింది.

"కోటు మాత్రం నన్ను తొడుక్కోమంది."

కందనకాయ నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. పొయ్యిలో పుల్ల చిటపటమంది. పక్కింట్లో ఎవరో పిల్లాణ్ణి నీళ్ళు పోసుకోమని అరుస్తున్నారు.

"అత్తా," అన్నాడు సితుమా, "మీరు విన్నారా ఇది?"

"విన్నా బాబూ. పాక దగ్గరే విన్నా."

ఆ మాట అన్నాక గానీ ఏం జరిగిందో ఇద్దరికీ తెలియలేదు. సితుమా బుర్ర వంచేశాడు. బయట పీట కిర్రుమంది.

"ఈ తప్పుకి ఇప్పుడు గొర్రె పెట్టుకోవాలి," అంది నమాల్వ. "పెద్దల్ని పిలవాలి. ముందు మాట్లాడింది నువ్వే."

"నేను గోడతో అన్నాను."

"మీ గోడ పేరు ‘అత్త’ అనా?"

"సరే, గొర్రె పెట్టుకుంటా. ఎలాగూ పెట్టుకోవాల్సిందే కాబట్టి అడుగుతున్నా, మీరే చెప్పండి. పెళ్ళాం హాజరు పిలిస్తే నేను వరుసలో నిలబడి ఉన్నానండీ అనాలా?"

"అంటే ఏం, నోరు పడిపోతుందా? ఇన్నాళ్ళూ నేను నీ దగ్గుకి పలకలేదూ?"

"అది వేరండీ."

"ఏం వేరు? నీకు యంత్రం నేర్పిస్తారట. నేర్చుకో."

"నేర్చుకుని దాన్ని తీసుకుని మీ చెట్ల మీదికొస్తే?"

"కాళ్ళు విరగ్గొడతా."

"చూశారా మరి."

"చూసేదేముంది? నా చెట్లు తప్పించి చుట్టూ కొయ్యి."

ఒకరి వీపు, ఒకరి బుర్ర. అయినా మాటలు మాత్రం తూటాల్లా నేరుగా పోతున్నాయి. మధ్యలో నిలబడ్డ నలియాక అలవాటు కొద్దీ ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిరుగుతూనే ఉంది, మొయ్యడానికి ఏమీ లేకపోయినా. మొదట నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ మౌనమంతా ఇద్దరూ ఈ ఒక్క సాయంత్రమే తీర్చేసుకునేలా ఉన్నారు. కోటు గురించి మాట్లాడారు, గొర్రె గురించి మాట్లాడారు, లైనులో జనం ఏమంటారో మాట్లాడారు. నలియాక ఏమనుకుంటోందని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

"ఆగండిద్దరూ."

ఇందాక తూకం దగ్గర వచ్చిన గొంతే అది. ఇద్దరూ ఆగారు.

"నేను మిమ్మల్ని అడగట్లేదు. చెప్తున్నా. రేపు హాజరుకి ముందు వెళ్ళి సరేనంటాను."

సితుమా కందనకాయని పళ్ళెంలో పెట్టాడు. జాగ్రత్తగా, అది పగులుతుందేమో అన్నట్టు. లేచాడు. మేకుకున్న కోటు తీసి తొడుక్కున్నాడు. కింది నుంచి పైకి గుండీలన్నీ పెట్టుకున్నాడు.

"ఖలాయి నాన్నా, ఎక్కడికి?" అంది నలియాక.

"ఆఫీసరమ్మ దగ్గరికి. నువ్వు రేపు చెప్పే మాటకంటే ముందు ఇవాళ నేనొక మాట చెప్పాలి."

"ఏం మాట?"

 అతని ముఖం చూసినా ఏమీ తెలియలేదు. గుమ్మం వైపు నడిచాడు. ఆ ఇంటికి ఉన్నది ఒకటే తలుపు.

నమాల్వ లేచింది. పొద్దుటిలా గుడ్డ తల మీదికి లాక్కుని గోడవైపు తిరుగుతుందని సితుమా ఒక్క అడుగు ఆగాడు. ఆవిడ వంగి పీటని ఇటు తిప్పింది. ఇంటివైపు ముఖం పెట్టి, మళ్ళీ గుమ్మానికి అడ్డంగా కూర్చుని, అల్లుడి కళ్ళలోకి సూటిగా చూసింది.

"గొర్రె ఎలాగూ తప్పదు కదా బాబూ," అంది. "ఆ మాటేదో ముందు నాకు చెప్పి వెళ్ళు."